తుపాకీకి ఊత

నెల్డా స్ట్రౌడ్ గురి తప్పిందంటే మా లోయలో ఎవరూ నమ్మరు. అందుకే ఆ మంగళవారం పొద్దున గురి తప్పిన సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుంది. కాని తుపాకీ చప్పుడు జేబులో దాచుకునేది కాదు. వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న ఆమె మొగుడు ఓరిన్ విన్నాడు. బీట్లో ఉన్న గొర్రెలన్నీ విని ఒక మూలకు ఒదిగాయి. అందరికంటే బాగా కాయోటీ విన్నది.

కాయోటీ అంటే తోడేలుకు తమ్ముడు, నక్కకు అన్న. ఇది మాత్రం ఆ బీడు తన అత్తారిల్లయినట్టు వచ్చిపోతోంది. గుండు దాని పొట్ట కింద మట్టి లేపితే ఉలిక్కిపడి కాస్త పరిగెత్తి, గట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఆ తర్వాత నడుచుకుంటూ వెళ్లిపోయింది. పరుగున పారిపోయి ఉంటే నెల్డాకు అంత ఒళ్లు మండేది కాదు.

చేతిలోని కత్తెర కర్రల వంక చూసింది. రెండు అడవి చెర్రీ కొమ్మలవి. పైన జానెడు వదిలి తోలుతాడుతో కట్టి ఉంటాయి. కింద కాళ్లు చాపితే పైన పంగ తెరుచుకుంటుంది, ఆ పంగలో తుపాకీ గొట్టం పడుకుంటుంది. నేలమీద కూర్చుని, మడమలు మట్టిలో దిగేసి, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఆ పంగలోంచి ఆమె కొట్టిన కాయోటీలకు లెక్కలేదు. అది నేలమీద కూర్చోగలిగినప్పటి మాట. జనవరిలో నీళ్లతొట్టి దగ్గర మంచుమీద జారిపడ్డాక ఎడమ తుంటిలో ఇనుము వేశారు. ఇప్పుడు కింద కూర్చుంటే లేవలేదు. అందుకని ఇవాళ నిలబడి కొట్టి చూసింది. కర్రలు ఎంత నిలువుగా చేర్చి పట్టుకున్నా రొమ్ముదాకా రావు. నడుం వంచాలి. నడుం వంచితే తుంటిలో పోటు. పోటొస్తే ఊపిరి బిగపట్టడం కుదరదు. ఊపిరి కదిలితే గొట్టం కొస ఊగుతుంది. ఊగింది.

చచ్చిన గొర్రెపిల్ల సేజ్ అనే బూడిదరంగు పొద పక్కన పడి ఉంది. వంగలేక, ఒక చేత్తో కంచె గుంజ పట్టుకుని, బూటు కొసతో దాని మెడ తిప్పింది. గొంతుకు రెండు పక్కలా పళ్ల గాట్లు, పక్కటెముకల వెనక తెరిచిన పొట్ట. ఊరకుక్కల పనైతే ఇంత శుభ్రంగా ఉండదు. తల్లిగొర్రె పొదుగు నిండి కారుతోంది. అది వచ్చి పిల్లను వాసన చూసి, మందలోకి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"తప్పు నాదే," అంది నెల్డా దానితో.

ఇంటి మెట్ల దగ్గర ఓరిన్ పిండి చేతులతో నిలబడి ఉన్నాడు.

"తగిలిందా?"

"గాలి ఎటుందో చూసుకున్నా."

"గాలికి తగిలిందా మరి?"

"నీ రొట్టెలు మాడుతున్నాయి, పో."

పెళ్లయిన నాటి నుంచీ వాళ్లింట్లో పనుల పంపకం అంతే. ఓరిన్ రొట్టెలు కాలుస్తాడు, తల్లిలేని గొర్రెపిల్లలకు సీసా పాలు పడతాడు, ట్రాక్టరుతో పోట్లాడతాడు. తుపాకీ చేతికిస్తే కళ్లు మూసుకుంటాడు. కాయోటీల పని నెల్డాది. ఆ పని కూడా పోతే తనకు మిగిలేది కుర్చీయేనని ఆమెకు తెలుసు. జనవరి నుంచి ఎక్కడికెళ్లినా ముందు కుర్చీ వస్తోంది, దాని వెనక దిండు వస్తోంది, ఆ వెనక ఎవరో వచ్చి గొంతు పెంచి, "బాగున్నావా నెల్డా?" అంటున్నారు. విరిగింది తుంటి గాని చెవి కాదు కదా.

ఆసుపత్రి వాళ్లిచ్చిన అల్యూమినియం వాకర్‌ను ఇంటికొచ్చిన రోజే గొర్రెల కొట్టంలోకి విసిరికొట్టింది. గోడ పట్టుకుని, బల్ల పట్టుకుని, కంచె పట్టుకుని నడుస్తుంది. ఎవరైనా చూస్తున్నారంటే అవి కూడా వదిలేసి నడుస్తుంది.

ఆ మధ్యాహ్నం దాణా తేవాలని చెప్పి పికప్ వేసుకుని పట్నం పోయింది. బండి ఆపింది మాత్రం వేట సామాన్ల దుకాణం ముందు. దుకాణదారు కర్టిస్ ఆమెను చూడగానే ఒక స్టూలు ముందుకు జరిపాడు. ఆమె దాన్ని కాలితో పక్కకు నెట్టింది.

"తుపాకీకి ఊత కావాలి."

"నీ చెర్రీ కర్రలేమయ్యాయి?"

"ఉన్నాయి. వాటికీ ముసలితనం వచ్చింది."

కర్టిస్ నవ్వాలో వద్దో తేల్చుకోలేక మెడ గోక్కున్నాడు. "సరే, చెప్పు. పడుకుని కొడతావా, కూర్చునా, నిలబడా?"

"ముందు నీ సరుకు చూపించవయ్యా, నా పడక సంగతి తర్వాత."

మొదట గొట్టానికి తగిలించే రెండుకాళ్ల ఊత తెచ్చాడు. చిన్నది, గట్టిది, కాళ్లు టక్కున విచ్చుకుంటున్నాయి. బోర్లా పడుకుని కొట్టడానికి అంతకు మించింది లేదన్నాడు. పరీక్షించుకోవడానికి నేలమీద చాప కూడా పరిచి ఉంది. నెల్డా ఆ చాప వైపు చూసింది.

"మా బీట్లో సేజ్ మోకాలెత్తు పెరిగింది. పడుకుంటే నాకు పొదల మొదళ్లు తప్ప ఇంకేం కనపడదు," అంది. ఆ మాట నిజమే. పడుకుంటే మళ్లీ లేవలేనన్న మాట ఇంకా నిజం, అది చెప్పలేదు.

తర్వాత ఒంటికాలి ఊత తెచ్చాడు. అచ్చం చేతికర్రలా ఉంది.

"ఇది పట్టుకుని వీధిలో నడిస్తే చిల్లర వేస్తారు. లోపల పెట్టు."

చివరికి ముక్కాలి తీశాడు. నల్లటిది, మనిషెత్తు లేస్తుంది, పైన తుపాకీని బిగించే పట్టు ఉంది. ఒక ఖాళీ తుపాకీ బిగించి ఆమె ముందుకు తిప్పాడు. నిలబడే చెంప ఆనించి చూసింది. దుకాణం అటు చివర గోడకున్న దుప్పి తల, దాని కన్ను, కంట్లో గాజు మెరుపు, అన్నీ రాతిలో చెక్కినట్టు కదలకుండా ఉన్నాయి. జనవరి తర్వాత ఆమెకు మొదటిసారి ఊపిరి సాఫీగా ఆడింది.

"బరువుంటుంది మరి. మోయగలవా?" అన్నాడు కర్టిస్.

"మోసేది బండి. కట్టు."

*

గురువారం తెల్లవారుతుండగా పికప్‌ను బీటి కింది వాగు మలుపుదాకా నడిపింది. ముక్కాలిని మోసుకుని నడవలేదు కాబట్టి బండి తప్పదు. మా లోయ కాయోటీలకు పికప్ తలుపు చప్పుడు బడిగంట లాంటిదని ఆమెకు తెలియక కాదు. తలుపు వేయకుండా వదిలేసింది. ముక్కాలి కాళ్లు ఒక్కొక్కటే లాగి, మరలు బిగించి, తుపాకీని పట్టులో కూర్చోబెట్టి, వాగు పైగట్టు వైపు తిప్పి ఉంచింది. మెడలో తాడుకు వేలాడుతున్న, కాయోటీలను రప్పించే కొయ్య ఈలను నోట్లో పెట్టుకుని, దెబ్బ తగిలిన కుందేలు ఏడ్చినట్టు ఊదింది. కాసేపు ఆగి, ఇంకొంచెం నీరసంగా ఊదింది.

కాయోటీ వచ్చింది. పైగట్టు నుంచి కాదు, ఎడమ నుంచి, గాలివాటుకు చుట్టి వచ్చింది. పొద పక్కన ఒక ముందుకాలు ఎత్తి నిలబడింది. నెల్డా తుపాకీ తిప్పబోయింది. పట్టు బిగించి ఉంది. మర వదులు చేస్తే గొట్టం తిరిగింది గాని, దాని వెనక తాను కూడా తిరగాలి కదా. కుడికాలు తిరిగింది. ఎడమకాలు తిరగలేదు. బూటు ముక్కాలి కాలికి తట్టుకుంది. మొత్తం ఒరిగింది. ఆమె ఒక చేత్తో తుపాకీని, ఇంకో చేత్తో పికప్ అద్దాన్ని పట్టుకుని వేలాడింది. మళ్లీ చూసేసరికి పొద పక్కన ఏమీ లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముక్కాలిని నోటికొచ్చినట్టు తిట్టింది. కాని దాని తప్పేముంది? అది రెండు మంచి కాళ్లున్న వాళ్ల కోసం చేసిన మూడు కాళ్ల వస్తువు.

ఇంటికి వచ్చేదారిలో సరిహద్దు కంచె దగ్గర పక్క బీటి గస్ కనిపించాడు. గడ్డపార నేలకు నాటి, రెండు చేతులూ దానిమీద వేసి, ఒళ్లంతా ఆనుకుని నిలబడ్డాడు.

"ఇది గడ్డపారేలే నెల్డా. తుపాకీ కాదు, ఆనుకుంటే తిట్టకు."

ఆమె నవ్వలేదు. వెనకటికొకసారి దుప్పి వేటకు పోయినప్పుడు ఎత్తు ఎక్కలేక గస్ తన తుపాకీని కర్రలా నేలకు ఆనించాడు. నెల్డా దాన్ని అతని చేతిలోంచి లాక్కుని, గొట్టంలో చేరిన బురద పుల్లతో తీసి, "తుపాకీ ఊతకర్ర కాదు," అని పదిమందిలో గట్టిగా చెప్పింది. ఆ మాట లోయంతా సామెతైపోయింది. పిల్లలు బడిలో కూడా అనుకునేవాళ్లు.

"డేల్ శనివారమే వస్తున్నాడటగా. మంచిపని చేశారు. తోకలు కోసే రోజే ఆ కాయోటీ పీడ కూడా వదిలిపోతుంది," అన్నాడు గస్.

"ఏ డేల్?"

గస్ గడ్డపార వైపు చూశాడు. లోయలో డేల్ అంటే ఒక్కడే. కౌంటీ, అంటే మా జిల్లా సర్కారు, జీతమిచ్చి పెట్టుకున్న వేటగాడు.

"ఓరిన్ చెప్పలేదా? చెప్తాడులే. అదీగాక మా ఆవిడ జోలీన్ నీ చోట తను నిలబడతానంది. నువ్వు నీడన తీపి రొట్టెల దగ్గర కూర్చుని కోసి పంచుతావట. పుల్లటి రుబార్బ్ కాడలు కూరిన పైలే ఆరు చేస్తోంది..."

మా వైపు, పెంట అంటుకుని పురుగు పట్టకుండా గొర్రెపిల్లల తోకలు కోసే రోజంటే చుట్టుపక్కల బీళ్ల వాళ్లంతా వచ్చి చెయ్యి వేస్తారు. ఎవరి చోటు వాళ్లది. పిల్లల్ని పట్టేవాళ్లు పడతారు, సూది వేసేవాళ్లు వేస్తారు, రంగు గుర్తు కొట్టేవాళ్లు కొడతారు. చచ్చేదాకా చోటు మారదు. సూదులు వేసే ముసలాయన చనిపోయిన ఏడు ఆయన చోటు ఖాళీగా ఉంచి, పక్కవాడు చెయ్యి చాపి సూది వేశాడు. బల్ల దగ్గర కత్తి పట్టుకుని తోకలు కోసే చోటు నెల్డాది. తను బతికుండగానే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చారన్నమాట.

పికప్ గేరు వేసింది. "జోలీన్‌కి చెప్పు, నాకు రుబార్బ్ పడదని," అంది.

*

ఓరిన్ కొట్టంలో ఉన్నాడు. పొద్దు వాలుతోంది. తల్లిలేని పిల్లల మూల నుంచి గోల వస్తోంది. ముసలి కాపలా కుక్క బిషప్ వాటి మధ్య గడ్డిలో పడుకుని ఉంది. దానికి చెవుడొచ్చింది. కాయోటీ పక్కనే నిలబడి పేరుపెట్టి పిలిచినా లేవదు.

"డేల్‌ని ఎప్పుడు పిలిచావు?"

ఓరిన్ సీసా పట్టుకున్న చెయ్యి కదపలేదు. "మొన్న. నువ్వు పట్నం పోయినప్పుడు."

"నన్ను అడగాలని లేదా?"

"అడిగితే వద్దంటావు."

"వద్దంటాననే అడగాలి!"

"పిల్లలు పోతున్నాయి నెల్డా."

"పిల్లలు పోతున్నాయని నాకు తెలీదా? రోజూ వాటి మెడలు తిప్పి చూస్తోంది నేను. ఇంత పెద్ద లోయలో నేను పనికిరాననే మాట నేను తప్ప అందరూ విన్నారు."

ఓరిన్ ఖాళీ సీసా గడ్డిమీద పెట్టాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. ఇప్పుడు కూడా లేవలేదు. "జనవరిలో నిన్ను ఎత్తలేకపోయాను. గుర్తుందా? గస్ వచ్చేదాకా నా కోటు నీమీద కప్పి, పక్కనే మంచులో కూర్చున్నాను. నువ్వు నన్ను తిడుతూనే ఉన్నావు. తిట్టడం ఆపినప్పుడు నాకు గుండె ఆగిపోయింది. మళ్లీ పడితే మళ్లీ ఎత్తలేను. అందుకే పిలిచాను డేల్‌ని. తిట్టాలంటే తిట్టు."

తిట్టలేకపోయింది. కోపం ఎక్కడికీ పోలేదు గాని, నిలబడే చోటు దొరక్క తిరుగుతోంది. చెయ్యి ఊరికే ఉంచలేక నిండు సీసా ఒకటి తీసుకుని పిల్లల వైపు నడిచింది. ఆ మూలకు ఓరిన్ గేటు కట్టాడు. గేటంటే మరేం కాదు, ఆమె విసిరేసిన వాకరే. గడ్డి కట్టే తాడుతో రెండు గుంజలకు వేసి బిగించాడు. నెల్డా దాన్ని చూసీ చూడనట్టు పైకమ్మీకి మోచెయ్యి ఆనించి సీసా వంచింది.

నల్లమూతి పిల్ల ఒకటి రబ్బరు పాలపీకను నోట కరిచి, మొత్తం ఒంటితో గుంజడం మొదలుపెట్టింది. అది ఎలా గుంజుతుందో పాలు పట్టినవాళ్లకే తెలుసు. చేతులు భుజాల దాకా అదురుతాయి. ఇప్పుడు అదరలేదు. సీసా ఉన్నచోటే ఉంది. నెల్డా సీసాను చూసింది. తర్వాత మోచేతిని చూసింది. తాడు ముడి విప్పి, వాకర్‌ను గడ్డిమీద విడిగా నిలబెట్టి, మళ్లీ ఆనించి చూసింది. ఈసారి మూడు పిల్లలు ఒకేసారి వచ్చి కాళ్లకు గుద్దుకున్నాయి. అది కదల్లేదు.

"ఓరిన్, ఇది నాకు కావాలి."

"ఏది?"

"ఈ గేటు."

ఓరిన్ లేచి నిలబడ్డాడు. మొహంలో ఆశ కనపడకుండా చూసుకుంటున్నాడు. "నడవటానికా?"

"తుపాకీకి."

చాలాకాలం కాపురం చేసినవాడికి ఎక్కడ నోరు మూసుకోవాలో తెలుస్తుంది. అటకమీంచి పోయినేటి ఉన్ని మూట దించి, జేబులోంచి తాడు ఉండ తీశాడు. ఇద్దరూ గడ్డి మోపుమీద కూర్చున్నారు. అల్యూమినియం గొట్టానికి తుపాకీ తగిలితే గణగణమంటుంది, ఎండ పడితే మెరుస్తుంది. అందుకని ముందు కమ్మీకి, రెండు పిడులకూ కడగని ఉన్ని చుట్టారు. ఆమె పొరలు పరుస్తుంటే ఆయన తాడు బిగించాడు. ఉన్నిలోని జిడ్డుకు ఇద్దరి వేళ్లూ నునుపెక్కాయి. కాళ్ల ఎత్తు మార్చే బొత్తాలు టకటకమనకుండా అక్కడా చుట్టారు. చివరికి అది నాలుగు కాళ్ల బక్క గొర్రెలా తయారైంది.

"డేల్‌కి ముందు నాకు ఒక్క పొద్దు ఇవ్వు," అంది నెల్డా.

"బండి ఎంతదాకా తీసుకెళ్తావు?"

"బండి వద్దు. అది గుర్తుపట్టింది. నడిచే వెళ్తా."

"ఒక్కదానివా?"

"నేనూ, నీ గేటూ."

ఓరిన్ తాడు చివర పంటితో కొరికాడు. "పడితే గాల్లోకి పేల్చు. వస్తాను. ఎత్తలేకపోయినా వచ్చి కూర్చుంటాను."

*

శనివారం తూరుపు తెల్లబడేసరికి ఆమె గడ్డివామి చాటు దాటింది. తుపాకీ వీపున ఉంది. బకెట్ ఒకటి వాకర్‌కు తగిలించింది, అందులో మడతపెట్టిన జీను గుడ్డ. నాలుగు కాళ్లూ ముందుకు వేసి, ఒక అడుగు. మళ్లీ నాలుగు కాళ్లు, మళ్లీ అడుగు. సేజ్ పొదల మీద మంచు తడి, దాని ఘాటు వాసన. గట్టుమీద చండూల పిట్టలు కూస్తున్నాయి. కొంతదూరం పోయాక ఆమెకు ఒక సంగతి తట్టింది. జనవరి నుంచి తను కాళ్ల వంక తప్ప దేని వంకా చూడలేదు. ఇవాళ పిట్టల్ని చూస్తోంది. ఆ మాట తట్టినందుకు తనమీద తనకే చిరాకేసింది.

గొర్రెలకు కాస్త దూరంలో, పొదలు గుంపుగా ఉన్నచోట ఆగింది. గాలి కుడిచెంపకు తగులుతోంది. బకెట్ బోర్లించి, గుడ్డ పరిచి, కూర్చుంది. వాకర్‌ను తన చుట్టూ లాక్కుంది. మూడు వైపులా కమ్మీ, వెనక తాను. మోచేతులు రెండూ పక్క పిడుల మీద ఆనాయి, తుపాకీ ముందు కమ్మీ ఉన్నిలో దిగింది. తుపాకీ మీది దుర్బిణి అద్దంలో దూరపు కంచె గుంజ కనిపించింది. దానిమీద మేకు కనిపించింది. మేకు తల కదలకుండా అలాగే ఉంది.

కుందేలు ఏడుపు ఊదింది. ఆగింది. ఎండ గట్టు దిగి బీట్లోకి పాకింది. మళ్లీ ఊదింది. ఏమీ రాలేదు. డేల్ బండి ఏ నిమిషానైనా వస్తుందన్న ఆలోచన చీమలా మెడమీద పాకుతోంది. మూడోసారి ఊదబోతూ ఆగిపోయింది. గొర్రెలు తలలెత్తి ఒకే వైపు చూస్తున్నాయి.

ఎడమ నుంచే వచ్చింది, మళ్లీ గాలివాటుకు చుట్టుకుని. ఈసారి నెల్డా కాళ్లు కదపలేదు. నడుం కదపలేదు. గొట్టాన్ని ముందు కమ్మీమీంచి ఎత్తి ఎడమ పిడిమీద పెట్టింది, అంతే. ఉన్నిమీద ఉన్ని కదిలినంత చప్పుడు కూడా కాలేదు. అద్దం నిండా కాయోటీ నిలబడింది. పెద్ద మగది, చెవి కొసన పాత గాటు, రొమ్ము మీద వెంట్రుకలు గాలికి విడిపోతున్నాయి. తొందర లేదు. తొందరపడకుండా చూడటం ఎలా ఉంటుందో ఆమె మర్చిపోయింది. ఊపిరి సగం వదిలి, ఆపి, వేలు నొక్కింది.

అది ఉన్నచోటే కూలింది.

గెలిచానని కేక పెట్టాలనిపించలేదు. ఏడుపొచ్చింది. బీట్లో తల్లిగొర్రెలు పిల్లల్ని పిలుస్తుంటే, బకెట్ మీద కూర్చుని ఉన్ని పిడికి నుదురానించి కాసేపు ఏడ్చింది.

లేవబోయేసరికి తుంటి బిగుసుకుపోయి ఉంది. వాకర్ పట్టుకుని ఎలాగో లేచి నిలబడింది. అప్పుడే దారిమీద దుమ్ము కనిపించింది. డేల్ తెల్ల బండి, దాని వెనక గస్ బండి, ఇంకా వెనక ట్రైలర్లతో మిగతావాళ్లు, ఒకరి వెనక ఒకరు. తుపాకీ చప్పుడు అందరూ వినే ఉంటారు. బళ్లు దొడ్డి దగ్గర ఆగుతున్నాయి, మనుషులు దిగుతున్నారు, చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నారు. ఆమెకూ వాళ్లకూ మధ్య పొద కూడా లేని బోడి బీడు.

వాకర్‌ను పొదల్లోనే వదిలేయొచ్చు. మధ్యాహ్నం ఓరిన్ వచ్చి తెచ్చుకుంటాడు, ఎవరికీ తెలియదు. అది వదిలి అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. నేల వాలినట్టయింది. చెయ్యి దానంతటదే భుజంమీంచి తుపాకీ దించింది. తుపాకీ కర్ర మడమ నేలకు, గొట్టం కొస అరచేతిలోకి. అలా పట్టుకుంటే ఎంత బాగా నప్పుతుందో ఆమెకు ఇదివరకు తెలియదు. గస్‌ను పదిమందిలో తిట్టిన నోరు ఇప్పుడు ఏమీ అనలేదు. గొట్టంమీద బరువు మోపబోతూ ఆగి, చాలాసేపు అలాగే నిలబడింది.

తర్వాత గుండ్లు తీసి జేబులో వేసుకుంది. తుపాకీని వీపున వేసుకుంది. వెనక్కి చెయ్యి చాపి వాకర్ అందుకుంది.

బోడి బీడు దాటడానికి బాగా పొద్దు పట్టింది. నాలుగు కాళ్లు, ఒక అడుగు, నాలుగు కాళ్లు, ఒక అడుగు. అందరూ చూశారు. ఒక్కళ్లు కూడా ఎదురు రాలేదు. ఓరిన్ దొడ్డి గేటు దగ్గర నిలబడి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. అవి బయట ఉంటే ఏం చేసేవో ఆయనకే తెలుసు.

దొడ్డి నీడలో కుర్చీ వేసి ఉంది. దానిమీద దిండు కూడా ఉంది. నెల్డా ఆ పక్కగా దాటిపోయి బల్ల దగ్గరికి వెళ్లింది. జోలీన్ కత్తి పట్టుకుని నిలబడి ఉంది. నెల్డా వాకర్‌ను బల్లకు ఆనించి నిలిపి, అందులోకి వెళ్లి, తుంటిని ఉన్నిచుట్టిన పిడికి చేరేసింది. చేతులు రెండూ ఖాళీ అయ్యాయి. ఒకటి చాపింది.

జోలీన్ మొహం ఎర్రబడింది. కత్తిని తిప్పి, పిడి వైపు అందించింది. "నీకు ఎండ తగులుతుందని..."

"తగలనీ. పదండి, పిల్లల్ని తెండి. ఈ కత్తికి పదును ఎవరు పెట్టారు? వెన్న కూడా తెగదు దీంతో."

పని మొదలైంది. పిల్లను పట్టినవాడు దాని వీపు తన రొమ్ముకు ఆనించి బల్లమీద కూర్చోబెట్టి కాళ్లు కలిపి పట్టుకుంటాడు, సూది పడుతుంది, నెల్డా బొటనవేలితో తోక కీలు వెతికి కోస్తుంది, రంగు ముద్ర పడుతుంది, పిల్ల గంతేసి తల్లిని వెతుక్కుంటుంది. కొంతసేపటికి డేల్ బీట్లోంచి కాయోటీని మోసుకుని వచ్చాడు. దాన్ని కంచె పక్కన దించి, బల్ల దగ్గరికి వచ్చి, టోపీ తీశాడు. వాకర్ కమ్మీని అరచేత్తో ఒకసారి నొక్కి చూశాడు.

"ముందుకు ఆనించారా అమ్మా, పక్కకా?"

"పక్కకి. ఎడమ పిడిమీద."

డేల్ ఆ ఎడమ పిడి వంక చూసి, నోట్లో ఏదో లెక్క వేసుకున్నట్టు తలాడించాడు. కొత్త ముక్కాలి ఒకటి ఆయన బండిలో ఉంది. దాన్ని దించకుండానే వెళ్లి పిల్లల్ని పట్టేవాళ్లలో కలిశాడు.

మధ్యాహ్నం భోజనానికి కొట్టం నీడన పొడుగు బల్లలు వేశారు. ఓరిన్ రొట్టెలు కోస్తున్నాడు. గస్ తన పళ్లెం పట్టుకుని, పక్కవాటుగా అడుగులేస్తూ వచ్చి, బల్ల అంచు పట్టుకుని నెల్డా పక్కన కూలబడ్డాడు. కాసేపు చిక్కుళ్లు నమిలాడు. కొండల వైపు చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు:

"ఆ చట్రం ఎక్కడ దొరుకుతుంది?"

"నీకెందుకు?"

"తుపాకీకేలే." అన్నాడు గాని, అతని చెయ్యి మోకాలిని రుద్దుతోంది.

నెల్డా ఆ మోకాలు చూసింది. "ఆసుపత్రి వాళ్లు ఇస్తారు."

"ఆసుపత్రికి ఎవడు పోతాడు? అక్కడికి పోతే జోలీన్‌కి తెలుస్తుంది. ఈ వేసవికి నీది ఇవ్వు. నీకింక దాంతో పనేముంది, కాయోటీ చచ్చింది కదా?"

నెల్డా రొట్టె ముక్కతో పళ్లెం తుడిచింది. ఆ చివర జోలీన్ ఉంది, ఈ చివర డేల్ ఉన్నాడు, మధ్యలో లోయలో సగంమంది ఉన్నారు. గొంతు తగ్గించలేదు.

"కుదరదు గస్. నాకు నడవటానికి కావాలి."

ఓరిన్ చేతిలో కత్తి ఒక క్షణం ఆగింది. తర్వాత ఆయన తల ఎత్తకుండానే ఇంకో ముక్క కోసి ఆమె పళ్లెంలో వేశాడు.